తాటిపాకలో మాట్లాడిన బోర్డు

గోదావరికి ఇటు గట్టున వీరబాబంతటి కంప్యూటరు ఇంజినీరు ఇంతవరకూ పుట్టలేదండీ. కళ్ళకి గంతలు కట్టి ఏ బోర్డు చేతిలో పెట్టినా, ఒక్కసారి వాసన చూసి, ఇది తైవానుది, దీన్ని బిగించినవాడికి ఆ రోజు జలుబు చేసి ఉంది అని చెప్పేసేవాడు. దుబాయిలో పెద్దపెద్ద షేకుల ఇళ్ళల్లో కంప్యూటరు మొరాయిస్తే ముందు వీరబాబుకి కబురెళ్ళేది, ఆ తర్వాతే కంపెనీ వాళ్ళకి. ఇతను గుమ్మంలో చెప్పులు విప్పుతున్న చప్పుడికే ఆ మిషను హడిలిపోయి పని చెయ్యడం మొదలెట్టేదట.

తాటిపాకలో వీరబాబు వాళ్ళమ్మ భూలక్ష్మి గారు కొడుకు గురించి ఇలాగే చెప్పుకునేవారు. ఆవిడ చెప్పినదానికి వీధిలోవాళ్ళు తలో చెయ్యీ వేసి పెంచేరు. సెలవుకొచ్చినప్పుడల్లా ఆ మాటలు వీరబాబు చెవిన పడేవి. ఔననేవాడు కాదు, కాదనేవాడూ కాదు. నవ్వి ఊరుకునేవాడు. ఊరుకుంటే ఒప్పుకున్నట్టే కదండీ.

రెండువేల రెండో సంవత్సరం ఎండాకాలం. కొత్తావకాయ జాడీలకి గుడ్డలు కట్టిన రోజులు. వీరబాబు సెలవు మీద దిగేడు. చెల్లెలి పిల్లలకి పౌడరు డబ్బాలూ, అమ్మకి టార్చిలైటూ, వీధిలోవాళ్ళకి అత్తరు సీసాలూ తెచ్చేడు. వాటన్నిటి నడుమ, రెండు లుంగీల్లో చుట్టిన అట్టపెట్టె ఒకటి ఉంది. దాన్ని మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

"బంగారమేంట్రా అబ్బాయ్?" అన్నారు పక్కింటి జగ్గయ్య గారు. వీధంతటికీ ఆయన మావయ్య. కొబ్బరితోట, ఓ ఆయిలింజను, ఎవరింట్లో ఏం జరిగినా ముందు అక్కడుండే తీరికా ఆయన ఆస్తి.

"బంగారం కాదు మావయ్యా, మదర్ బోర్డు. కంప్యూటరు లోపల ఉంటుంది. మిగతావన్నీ దానికే బిగిస్తారు."

"దానికి లుంగీలెందుకు? చలేస్తుందా?"

వీరబాబు నవ్వేడు గానీ, ఆ నవ్వు పెదాలు దాటి కిందికి దిగలేదు. ఎందుకు దిగలేదో చెప్పాలంటే, ఇందాక నేను చెప్పినదాంట్లో కాస్త తరుగు తీసేయాలండీ. తీసేద్దాం, పోయేదేముంది. వీరబాబు ఇంజినీరు కాడు. దుబాయిలో ఓ కంప్యూటర్ల షాపు గోడౌన్లో అట్టపెట్టెలు దించేవాడు. వాసన చూసి అతను చెప్పగలిగిందల్లా పెట్టె తడిసిందా లేదా అన్నదొక్కటే. షేకులెవరూ కబురు పెట్టలేదు. ఒక షేకు మాత్రం ఓసారి కారు దగ్గరికి పెట్టె మోయించుకుని ఖర్జూరపండు చేతిలో పెట్టేడు.

అయితే కుర్రాడికి ఆ బోర్డులంటే పిచ్చి. మధ్యాహ్నం అందరూ భోజనాలకి పోతే, ఇతను పాడైపోయిన బోర్డులు ముందేసుకుని, ఏ తీగ ఎక్కడికి పోతోందో వేలితో రాసుకుంటూ కూర్చునేవాడు. షాపు మేనేజరు కురియన్ గారని ఓ మలయాళీ ఇదంతా కొన్నాళ్ళు గమనించేరు. సెలవుకి బయల్దేరే ముందు పిలిచి, ఈ అట్టపెట్టె చేతిలో పెట్టేరు. ఇంకా బజారులోకి రాని బోర్డు. తయారుచేసినవాళ్ళు మచ్చుకి పంపింది. షాపు మొత్తానికి అదొక్కటే.

"ఇంటికి పట్టుకెళ్ళు. బిగించడం, వేగం పెంచడం నేర్చుకుని రా. వచ్చేక కౌంటర్లో నిలబడి, ఈ పిచ్చి ఉన్న కస్టమర్లందరికీ నువ్వే చూపించాలి. చూపించగలిగితే గోడౌను మొహం మళ్ళీ చూడక్కర్లేదు. బోర్డుకి ఏమన్నా అయిందో, కౌంటరూ లేదు, గోడౌనూ లేదు. వీసా రద్దు చేయించి పంపించేస్తాను" అన్నారు. ఆయన వేళాకోళాలాడే మనిషి కాదు.

అంచేత వీరబాబు బతుకుతెరువంతా ఆ రెండు లుంగీల మధ్య ఉంది. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. ఇంజినీరుకి ఇలాంటి భయాలుండవు కదా మరి.

ఆదివారం పొద్దున్న రాజోలు నుంచి బావ కనకరాజు ఆటోలో వచ్చేడు. వీరబాబు చెల్లెలి మొగుడతను. రాజోల్లో కంప్యూటర్ సెంటరు ఉంది. శుభలేఖలు కొడతాడు, పెళ్ళి వీడియోలకి పూలూ పావురాలూ ఎగరేయిస్తాడు. తన సెంటర్లోంచి మోనిటరూ, కీబోర్డూ, పెళ్ళి వీడియోలున్న డిస్కుతో సహా ఓ కంప్యూటరు డబ్బా, కరెంటు పోయినా కాసేపు లాగే యూపీఎస్సూ పట్టుకొచ్చేడు.

వసారాలో బల్లమీద పాత పేపర్లు పరిచేరు. వీరబాబు స్నానం చేసి, తల తుడుచుకుని, లుంగీలు విప్పి, అట్టపెట్టె మూత తీసేడు. లోపల చిప్పూ, దాని ఫ్యానూ, ర్యామ్ బద్దా ఉంటే ప్యాకెట్లోంచి తీసి పక్కన పెట్టేడు. అడుగున వెండిరంగు సంచి. సంచిలోంచి అంచులు పట్టుకుని బోర్డుని బయటికి లాగేడు.

అందరూ బల్ల చుట్టూ మూగేరు.

కనకరాజు ఇంతవరకూ చూసినవన్నీ నాచు పట్టిన గోడ రంగువి. ఇది పండు మిరపకాయలా ఉంది. భాగాలు దిగేసే గాడీలు ఒక్కోటి ఒక్కో రంగు, నీలం, ఊదా, నారింజ, పెళ్ళిలో పేరంటాళ్ళు వరసగా కూర్చున్నట్టు. ఓ పక్కన రాగిరేకులు పేర్చిన బుల్లి గోపురం, దాని నెత్తిన అరచేతిలో ఇమిడే ఫ్యాను. అంచున పెసరగింజలంత దీపాలు. ఎండపొడ పడేసరికి తీగలన్నీ ఒక్కసారి మెరిసేయి.

"బావా," అన్నాడు కనకరాజు, గొంతు తగ్గించి, "దీన్ని డబ్బాలో పెట్టి మూసెయ్యడానికి మనసొప్పుతుందా?"

"అందుకే దుబాయిలో దీనికి అద్దాల డబ్బాలు పెడుతున్నారు."

జగ్గయ్య గారు కళ్ళజోడు తుడుచుకుని వంగేరు. "ఇది మన సెంట్రల్ డెల్టా మేపు కదరా! ఇదిగో ఇది పెద్ద కాలవ. ఇవి పంటకాలవలు. ఈ నల్లటివి లాకులు." వేలు తాకించకుండా గాల్లోనే ఓ కాలవెంట నడిపించేరు. "ఇదేంటి, తిన్నగా పోవల్సింది పాములా ఇన్ని మెలికలు తిరిగింది? నాలుగడుగుల దూరానికి నలభై అడుగులు తవ్వేడు."

"అన్ని తీగల్లోనూ కబురు ఒకేసారి చేరాలి మావయ్యా. దగ్గర దారి ఉన్నదానికి కావాలని మెలికలు పెట్టి, దూరం నుంచి వచ్చేదాంతో సమానం చేస్తారు." ఈ ముక్క మాత్రం కురియన్ గారు స్వయంగా చెప్పింది. వీరబాబు గర్వంగా చెప్పేడు.

"మన దగ్గర ఇలా తవ్వితే ఓవర్సీరుని సస్పెండు చేస్తారు. సరే, ఇంతకీ దీని గొప్పేంటి?"

కనకరాజు అందుకున్నాడు. "కంప్యూటర్లో లెక్కలు చేసేది ఈ మధ్యలో పెట్టే చిప్పండి. దాన్ని చేసినవాళ్ళు ఇంత వేగంతోనే నడవాలని ముద్రేసి పంపిస్తారు. మామూలు బోర్డు ఆ మాట వింటుంది. ఇది వినదు. మనం కావలసినంత వేగం పెంచుకోవచ్చు. ఓవర్ క్లాకింగ్ అంటారు."

"అంటే నా ఆయిలింజనుకి స్పీడు పెరగాలని గవర్నరు స్క్రూ బిగించినట్టు."

"ఆయ్, అచ్చం అదేనండి."

"దాని పిస్టను పట్టేసింది కదరా."

వీరబాబు బోర్డుని కాస్త తనవైపు లాక్కున్నాడు. "అందుకే మావయ్యా ఇన్ని ఫ్యాన్లు."

భూలక్ష్మి గారు లోపల్నించి పసుపు, కుంకం, కర్పూరం సర్దిన పళ్ళెంతో వచ్చేరు. "ముందు దేవుడికి చూపించండి. ఆ తర్వాతే కరెంటు."

"అమ్మా, దీనికి పూజలేంటమ్మా!"

"ఏం? అల్లుడు గారు స్కూటరు కొన్నప్పుడు చెయ్యలేదూ? ఏమండీ?"

"ఆయ్, చేసేమండి అత్తయ్య గారూ. నాలుగు నిమ్మకాయలు కూడా తొక్కించేం" అని కనకరాజు బావమరిదిని అక్కడికక్కడే వదిలేసేడు.

వీరబాబు చేతులు రెండూ బోర్డు మీద గొడుగులా పట్టేడు. "సరే. మోనిటరుకి పెట్టుకో, డబ్బాకి పెట్టుకో, యూపీఎస్సుకి దండెయ్యి. బోర్డుకి మాత్రం బొట్టొద్దు. నా మాట విను."

"బోర్డుకి వద్దంటున్నావు. అంతేనా?"

"అంతే."

"సరే నాన్నా."

బావాబావమరుదులు ఆటోలోంచి యూపీఎస్సు దించడానికి వీధిలోకి వెళ్ళేరు. అది రుబ్బురోలు పొత్రమంత బరువుంది, ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని వచ్చేసరికి కాస్త సేపయింది. వచ్చి చూస్తే మోనిటరు నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు. బోర్డు మీద మాత్రం ఏమీ లేదు. వీరబాబు స్థిమితపడ్డాడు.

ఈలోగా జగ్గయ్య గారు తన తోటలోంచి ఏరి కోరి కొబ్బరికాయ తెచ్చేరు. "నేను కొడితే రెండు చెక్కలూ తూకం వేసినట్టు సమానంగా వస్తాయి. చుక్క కింద పడదు" అని, పంచె ఎగ్గట్టి, వసారా మెట్టు మీద ఠప్పున కొట్టేరు.

ఆ కాయలో ఎన్ని నీళ్ళున్నాయో దేవుడికి తెలియాలి. చెక్కలు సమానంగానే వచ్చేయి. నీళ్ళు మాత్రం మెట్టు దిగడం మానేసి పైకి లేచేయి. గాల్లో వంపు తిరిగి, జగ్గయ్య గారి భుజం మీదుగా, మోనిటరుని వదిలేసి, అటున్న కనకరాజుని వదిలేసి, సరిగ్గా వచ్చి బోర్డు మీద కూర్చున్నాయి.

వీరబాబు ఒక్క గంతులో బల్ల దగ్గరికి దూకేడు. మెడలో తువ్వాలు లాగి ఒత్తేడు. ఉఫ్ ఉఫ్ మని ఊదేడు. నీళ్ళు ర్యామ్ బిగించే గాడీల్లోకి కూడా దిగేయి. ర్యామ్ అంటే కంప్యూటరు పని చేస్తున్నంతసేపూ గుర్తుంచుకోడానికి వాడుకునే సన్నటి బద్ద. అది లేకపోతే బోర్డు అడుగు కదపదు.

"కొబ్బరినీళ్ళేగా అబ్బాయ్. చలవ" అన్నారు జగ్గయ్య గారు. అంటూనే తన కండువాతో ఆయనా బల్ల ఒత్తుతున్నారు.

సీలింగు ఫ్యాను కింద చాలాసేపు ఆరబెట్టేరు. పొడిగా కనబడ్డాక చిప్పు బిగించేరు, పైన ఫ్యాను బిగించేరు, ర్యామ్ బద్ద గాడీలో పెట్టి నొక్కేరు. కనకరాజు వైర్లు కలిపేడు. వీరబాబు కళ్ళు మూసుకుని స్విచ్చి వేసేడు.

ఫ్యాన్లు తిరిగేయి. దీపాలు వెలిగేయి. "హమ్మయ్య" అనబోయేడు కనకరాజు. అంతలో బోర్డుకి తగిలించిన బుల్లి స్పీకరులోంచి ఓ ఆడగొంతు, రేడియోలో వార్తలు చదివినంత స్పష్టంగా అంది:

"సిస్టమ్ ఫెయిల్డ్ మెమరీ టెస్ట్."

జగ్గయ్య గారు ఉలిక్కిపడి బల్ల కిందికి వంగి చూసేరు. "ఎవరా అమ్మాయి?"

"బోర్డేనండి. ఏం జబ్బొచ్చిందో అదే నోటితో చెబుతుంది. ఇదో కొత్త సౌకర్యం" అన్నాడు కనకరాజు.

"ఏమంటోంది?" అన్నారు భూలక్ష్మి గారు.

"ఏదీ గుర్తు రావటం లేదంటోందండి."

"పాపం, అంత దూరం నుంచి వచ్చింది కదా. బడలిక."

వీరబాబు స్విచ్చి ఆపేడు. ర్యామ్ తీసి మళ్ళీ పెట్టేడు. పక్క గాడీలోకి మార్చేడు. ఎక్కడ పెట్టినా ఆ అమ్మాయిది ఒకటే మాట.

"బావా, ఓసారి రబ్బరు పెట్టి రుద్దుదామా?" కనకరాజు చొక్కా జేబులోంచి పెన్సిల్ చెరిపే రబ్బరు తీసేడు. ర్యామ్ పని చెయ్యకపోతే దాని అంచున ఉండే బంగారుపూతని రబ్బరుతో రుద్దడం రాజోలు వైద్యం. అతని సెంటర్లో సగం కంప్యూటర్లు దాని మీదే బతుకుతున్నాయి.

"నీ రబ్బరు చిలుం పట్టిన పాత సరుక్కి బావా. ఇది ప్యాకెట్లోంచి ఇవాళ తీసింది. చూడు, ఎంత పచ్చగా మెరుస్తోందో!" అని వీరబాబు కసిరేడు. నిజంగానే అంచు పచ్చగా మెరుస్తోంది. కనకరాజు రబ్బరు జేబులో పెట్టేసుకున్నాడు.

పోనీ ఇంకో ర్యామ్ పెట్టి చూద్దామంటే, రాజోల్లో ఉన్నవన్నీ పాతరకం. దీనికి కొత్తరకం కావాలి. గాడీలో కూర్చునే గంటు కూడా వేరే చోటుంటుంది. కనకరాజు రాజమండ్రికి ఫోను చేస్తే, ఆర్డరిస్తే తెప్పిస్తామన్నారు. వీరబాబు విమానం అందాకా ఆగదు.

"తీపి నీళ్ళు. ఆరినా జిగురుంటుంది. అదే గాడీలో పట్టేసింది" అని తేల్చేడు వీరబాబు. "స్పిరిట్ కావాలి."

వీధి చివర నర్సు సువార్తమ్మ గారున్నారు. కబురు చెయ్యగానే సీసా, దూదీ, ఓ సూదీ పట్టుకుని పరిగెత్తుకొచ్చేరు. "ఎవరికండీ? ఎక్కడ?"

బల్లమీద పేషెంటుని చూపించేరు.

ఆవిడ దాన్ని ఎగాదిగా చూసి, "జ్వరమా, దెబ్బా?" అన్నారు.

"కొబ్బరినీళ్ళు పడ్డాయండి" అన్నాడు కనకరాజు.

"కొబ్బరినీళ్ళు పడనివాళ్ళని మన కోనసీమలో ఇప్పుడే చూస్తున్నాను" అని, దూది తుంపి స్పిరిట్లో ముంచి, అలవాటు కొద్దీ ఓ మూల గుండ్రంగా తుడిచేరు. తర్వాత సీసా వీరబాబుకి ఇచ్చేసేరు. అతను గాడీ గాడీ కడిగేడు. చీపురుపుల్లకి దూది చుట్టి సందు సందూ తిప్పేడు. వసారా అంతా ఆస్పత్రి వాసన. మళ్ళీ ఆరబెట్టేరు. మళ్ళీ బిగించేరు. మళ్ళీ స్విచ్చి వేసేరు.

"సిస్టమ్ ఫెయిల్డ్ మెమరీ టెస్ట్."

"ఈ పిల్లకి ఇంకో మాట రాదేంట్రా!" అన్నారు జగ్గయ్య గారు. అన్నారే గానీ, ఆయన మెట్టు మీద కూలబడి, తన చేతులకేసి తనే చూసుకుంటున్నారు. "పుట్టి బుద్ధెరిగేక ఎన్ని కాయలు కొట్టేను. చుక్క పోలేదు. ఇవాళే పొయ్యేలా?"

అప్పుడు వీరబాబు దాచిందంతా బయటికి వచ్చేసింది. "అమ్మా, నేను ఇంజినీర్ని కాదు. అక్కడ పెట్టెలు మోస్తాను" అన్నాడు. బోర్డు ఎవరిదో, కురియన్ గారు ఏమన్నారో, కౌంటరు సంగతీ, వీసా సంగతీ గుక్క తిప్పుకోకుండా చెప్పేసేడు. చెప్పి, చొక్కా వేసుకుని, చెప్పుల్లో కాళ్ళు దూర్చేడు.

"ఎక్కడికి?" అన్నారు భూలక్ష్మి గారు.

"ఎస్టీడీ బూతుకి. మేనేజరు గారికి ఫోన్లో చెప్పేస్తాను. ఎదురుగా వెళ్ళి చెప్పే ధైర్యం నాకు లేదు. ఇంక రానక్కర్లేదు అంటారు. సరేనంటాను."

 భూలక్ష్మి గారు కొడుకుని కాసేపు చూసేరు. మోత సంగతి గురించి ఆవిడ ఒక్క ముక్క అనలేదు. పవిట చెంగుతో మొహం మాత్రం తుడుచుకున్నారు.

"ముందు అన్నం తిని వెళ్ళు. పనసపొట్టు కూర చేసేను. అయినా దానికేం కాదు నాన్నా. నేను అంత భక్తిగా పసుపు రాసేక కూడా ఎలా పాడవుతుంది?"

వీరబాబు ఒక చెప్పు మీద ఆగిపోయేడు. "ఏంటి? దేనికి రాసేవు?"

"నువ్వు బోర్డుకి వద్దన్నావు. నేను బోర్డుకి రాయలేదు" అన్నారావిడ, కోర్టులో సాక్ష్యం చెప్పినట్టు. "పక్కన అదేదో పొడుగ్గా, సన్నగా ఉందే, అంచున బంగారం మెరుస్తూ, దానికి రాసేను. అచ్చం మన దేవుడి గది గడపలా ఉంది. పసుపు లేని గడప చూస్తూ ఎలా ఊరుకుంటాను? నీళ్ళల్లో పల్చగా కలిపి, వేలికొసతో అంచంతా రాసేను, రెండు వైపులా. కుంకం బొట్లు కూడా పెడదామనుకున్నాను గానీ చోటు చాల్లేదు."

వీరబాబూ కనకరాజూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ ఒకేసారి బల్లమీద పడ్డారు.

ర్యామ్ బయటికి వచ్చింది. అంచు పచ్చగా మెరుస్తోంది. వీరబాబు గోటితో గీకేడు. గోరు పచ్చబడింది. బంగారు రంగు మీద పసుపు రంగు, ఆరిపోయి అతుక్కుంది. అది కంటికి కనబడాలంటే ఎలా కనబడుతుందండీ?

"రబ్బరు" అన్నాడు వీరబాబు, చెయ్యి చాపి.

"పాత సరుక్కి కదా బావా?"

"ఇవ్వు బావా, నీకు పుణ్యముంటుంది."

"అడిగే పద్ధతి అది" అని కనకరాజు జేబులోంచి రబ్బరు తీసేడు గానీ అతనికివ్వలేదు. తనే కూర్చుని, నాలిక పళ్ళ మధ్య పెట్టుకుని, అంచంతా ఓపిగ్గా రుద్దేడు. రబ్బరు పెళ్ళికూతురి పాదంలా పసుపెక్కింది. స్పిరిట్ దూదితో సువార్తమ్మ గారు ఓసారి తుడిచిచ్చేరు. బద్ద గాడీలో కూర్చుంది.

వీరబాబు స్విచ్చి దాకా చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాడు. "నువ్వు వెయ్యమ్మా" అన్నాడు.

భూలక్ష్మి గారు చెయ్యి పవిటకి తుడుచుకుని, స్విచ్చిని కళ్ళకద్దుకోవాలని చూసి, కుదరక, వేసేరు.

ఫ్యాన్లు తిరిగేయి. దీపాలు వెలిగేయి. తెరమీద అక్షరాలు టకటకా దిగేయి. అప్పుడా ఆడగొంతు, ఇందాకటి కోపమేమీ లేకుండా, "కంప్యూటర్ నౌ బూటింగ్" అంది.

"ఇప్పుడేమంటోంది?" అన్నారు భూలక్ష్మి గారు.

వీరబాబు తెర మీంచి కళ్ళు తిప్పలేదు. కనకరాజే చెప్పేడు. "బయల్దేరుతున్నానంటోందండి."

"క్షేమంగా వెళ్ళి రమ్మను."

వీరబాబు ఉన్నపళంగా నేలమీద కూర్చుండిపోయేడు. ఒక కాలికి చెప్పుంది, ఒక కాలికి లేదు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో అతనికే తెలీలేదు. జగ్గయ్య గారు మాత్రం మెట్టు మీంచి కుర్రాడిలా లేచేరు. "అయితే నా కాయది తప్పు కాదన్నమాట! నేను ముందే చెప్పేను, చలవ అని!" వీధిలోకి వెళ్ళి, దారే పోతున్నవాళ్ళని ఆపి మరీ చెప్పి వచ్చేరు.

ఇక ఆకలి తెలిసింది. పనసపొట్టు కూర, ముద్దపప్పు, కొత్తావకాయ. వీరబాబు మారు వడ్డించుకుని, ఆ మీద మళ్ళీ వడ్డించుకున్నాడు. భూలక్ష్మి గారు నెయ్యి వేస్తూ, "పెట్టెలు బరువుగా ఉంటాయా నాన్నా?" అని ఒక్కటే అడిగేరు. "కొన్ని" అన్నాడు వీరబాబు. "పోన్లే. ఇకమీదట నిలబడి మాట్లాడ్డమేగా" అన్నారావిడ, ఇంకో చెంచా నెయ్యి వేసి.

భోజనాలయ్యేక అసలు పని మొదలైంది. బోర్డు లోపలి సెట్టింగుల్లోకి వెళ్ళి వీరబాబు ఓ మెట్టు వేగం పెంచేడు. నడిచింది. ఇంకో మెట్టు. నడిచింది. తెర మీద ఓ మూల చిప్పు ఎంత వేడెక్కిందో అంకె కనబడుతోంది. అది ఎక్కుతోంది. బయట ఎండ కూడా నిప్పులు చెరుగుతోంది.

"పిస్టను పట్టేస్తుందిరోయ్" అని జగ్గయ్య గారు తాటాకు విసనకర్ర అందుకున్నారు. బోర్డుకి విసరడం మొదలెట్టేరు. అంకె దిగింది! ఆయన ఆపితే ఎక్కుతోంది, విసిరితే దిగుతోంది. ఇంక చూస్కోండి, ఆయన హుషారు. "పెంచు అబ్బాయ్! నేనున్నాను!" వీరబాబు పెంచేడు. మావయ్య రెండో విసనకర్ర తెప్పించి రెండు చేతులా విసిరేరు. పెళ్ళి వీడియోలో పావురాలు ఎగరాలంటే కనకరాజు సెంటర్లో టీ తాగి రావాల్సి వచ్చేది. ఇక్కడ అతను గ్లాసు పట్టుకునేలోపే ఎగిరిపోయేయి. "బావా, వీటికి దీని గాలి తగిలి రెక్కలొచ్చేయి" అని అతను పగలబడి నవ్వేడు. చివరికి ఓ మెట్టు దగ్గర తెర బిగుసుకుపోయింది. వీరబాబు కంగారు పడలేదు. ఓ మెట్టు దించి మళ్ళీ నడిపించేడు. అదే తను నేర్చుకోవాల్సింది. ఎక్కడిదాకా లాగొచ్చో, ఎక్కడ ఆగాలో.

సెలవైపోయింది. బోర్డుని లుంగీల్లో చుట్టేరు. ర్యామ్ ని మాత్రం భూలక్ష్మి గారు దగ్గరుండి, తన చెయ్యి తగలకుండా, వీరబాబు చేతే పెట్టించేరు.

దుబాయిలో దిగి, గదికి కూడా వెళ్ళకుండా, తిన్నగా షాపుకి వెళ్ళి పెట్టె బల్లమీద పెట్టేడు. కురియన్ గారు బోర్డు బయటికి తీసేరు. ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా వాసన చూసేరు. "ఇదేం వాసన? ఆస్పత్రిదా, గుడిదా?" అన్నారు. "మా ఊరి గాలండి సార్, అలాగే ఉంటుంది" అన్నాడు వీరబాబు, తడుముకోకుండా. ఆయన పెద్దగా నవ్వి, కౌంటరు తాళాలు తీసి ఇతని చేతిలో పెట్టేరు.

ఇంత చెప్పేక మీరు ఏ ముక్కని అనుమానిస్తున్నారో నాకు తెలుసు. బోర్డు మాట్లాడ్డం. కాదండీ, అది నిజం. ఆ రోజుల్లో అలా నోరున్న బోర్డులు కొన్ని వచ్చేయి. గడపకి పసుపూ నిజమే, విసనకర్రా నిజమే. కురియన్ గారు వాసన చూడ్డమే నేను కల్పించింది. ఆయన వాసనా చూడలేదు, నవ్వనూ లేదు, తాళాలూ ఇవ్వలేదు. బోర్డుని అటూ ఇటూ తిప్పి, "బాగుంది. రేపట్నించి కౌంటర్లోకి రా" అని తన పనిలో పడిపోయేరు. విమానంలో దారంతా గుండె చిక్కబట్టుకుని కూర్చున్నవాడికి అది చాలు. వీరబాబు బయటికొచ్చి, గోడకి ఆనుకుని, చాలాసేపు ఊపిరి పీల్చుకున్నాడట. నాకే, అంత చప్పగా అయిపోతే ఏం బాగుంటుందని, ఓ వాసన కలిపేను.